మఠానికి ముందు ఒక వేసవి

బెనిడోర్మ్,
జూన్ 24

పూజ్యులైన మదర్ తెయొదోరా గారికి,

ఈ ఊళ్ళో అడుగుపెట్టిన వారంలోనే దొంగ అనిపించుకున్నాను. మామయ్య ఫోన్ చేసి తనదైన పద్ధతిలో చెప్పేలోగా నేనే రాస్తున్నాను.

మీ షరతు నాకు గుర్తుంది. సెప్టెంబరు ఆఖరుదాకా ఇక్కడ, మీ తమ్ముడి దగ్గర, సముద్రపు ఒడ్డున పనిచేయాలి. అప్పటికీ మనసు మారకపోతే అక్టోబరులో మఠం తలుపు తెరుస్తానన్నారు. సన్యాసం తీసుకుంటానన్న పిల్లని దేశం మొత్తంలోకీ గోల ఎక్కువున్న ఊరికి పంపడం ఏమిటని అమ్మ విసుక్కుంది. నేను అడగలేదు. విధేయత ఇక్కణ్ణించే మొదలు అనుకున్నాను.

ఫెర్మిన్ మామయ్య లెవాంతె ఒడ్డున పడక కుర్చీలూ, తొక్కుడు పడవలూ అద్దెకిస్తాడని మీకు తెలుసు. పడవలకి ఈ ఏడాది జారుడుబల్లలు కూడా పెట్టించాడు. పిల్లలకి లైఫ్ జాకెట్ తొడిగి, బొత్తాలు సరిచూసి పంపడం నా పని. మాట్లాడాల్సింది తక్కువ. అదొక్కటే ఊరట. నా గది కింద బారులో ఇంగ్లాండు వాళ్ళు మైకు పట్టుకుని పాడతారు. గొంతు లేనివాళ్ళే ఎక్కువ ధైర్యంగా పాడతారు.

ఇక దొంగతనం సంగతి. నిన్న తెల్లవారుతుండగా, ఎవరూ లేని సముద్రాన్ని ఒకసారి చూద్దామని వెళ్ళాను. నిజంగానే ఎవరూ లేరు. కానీ నీళ్ళ అంచు వెంబడి బారులు తీరి కుర్చీలు, గొడుగులు, తువాళ్ళు. మనిషి జాడ లేదు. పాపం, ముందురోజు సాయంత్రం అందరూ మరిచిపోయి వెళ్ళారనుకున్నాను. ఎక్కడి వస్తువు అక్కడ పెట్టమని బళ్ళో మనకి నేర్పారు కదా. అన్నిటినీ మోసుకెళ్ళి మామయ్య షెడ్డులో సర్ది, తాళం వేసి, పాత ఊరి గుడికి పూజకి వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి షెడ్డు ముందు సగం బిల్బావో నగరం, సగం మాడ్రిడ్ నగరం నిలబడి ఉన్నాయి. అందరూ ముసలివాళ్ళే. అందరి ముందూ బెగోన్యా అనే ఆవిడ, పూల గౌనులో, నడుం మీద చేతులు పెట్టుకుని.

"ఏమే, మా కుర్చీలేవి?"

"లోపలండీ... మడతపెట్టి... రంగుల వారీగా," అన్నాను.

"రంగుల వారీగానట! విన్నారా? దొంగతనంలో కూడా పద్ధతి! ఏ ఊరే పిల్లా నీది?"

"సోరియా వైపండీ. వాల్దెతేర్రా."

"అక్కడ సముద్రముందా?"

"లేదండీ."

"అదీ సంగతి. ఒరే ఫెర్మిన్, కుర్చీ అంటే ఏమిటో తెలియని పిల్లని ఎక్కణ్ణించి పట్టుకొచ్చావురా? లేక నువ్వే పురమాయించావా?"

"ఒట్టు బెగోన్యా గారూ, నేను చెప్పలేదు," అన్నాడు మామయ్య. "ఇన్నేళ్ళూ ఈ ఆలోచన నాకెందుకు రాలేదా అని ఇప్పుడు బాధగా ఉంది!"

తరవాత తెలిసింది. ముందు వరసలో చోటు కోసం వాళ్ళంతా చీకటితోనే వచ్చి కుర్చీలు వేసి, ఇంటికి పోయి కాఫీ తాగి, ఎండెక్కాక తీరిగ్గా వస్తారట. ఊళ్ళో అందరికీ తెలిసిన మర్యాద. ఒకరి కుర్చీని ఇంకొకరు ముట్టుకోరు. పక్కన మనిషి లేకపోతే మునిసిపాలిటీ వాళ్ళు మాత్రం ఎత్తుకుపోతారు. అందుకని బెగోన్యా గారు తీర్పు చెప్పారు: రేపట్నించి ఈ పిల్ల మా కుర్చీల పక్కన కూర్చుంటుంది, మేం వచ్చేదాకా.

ఈ శిక్షని స్వీకరించాను. అక్టోబరు కోసం ఎదురుచూస్తూ,

మీ విధేయురాలు
ఎల్విరా

*

వాల్దెతేర్రా,
జూలై 6

ఎల్విరా,

నీ ఉత్తరం భోజనాల బల్ల దగ్గర చదివి వినిపించాను. సాధారణంగా అక్కడ పునీతుల చరిత్రలు చదువుతామని నీకు తెలుసు. రంగుల వారీగా అన్నచోట సిస్టర్ యూఫ్రాసియాకి పొలమారింది. తొంభైకి దగ్గరపడిన మనిషి, వీపు తట్టాల్సి వచ్చింది. ఇకమీదట నవ్వు తెప్పించే సంగతులుంటే చివర్లో రాయి, భోజనం అయ్యాక చదువుతాను.

కుర్చీల దగ్గర కూర్చోవడాన్ని శిక్ష అనుకోకు. ప్రార్థన అని కూడా అనుకోకు. అది కుర్చీల దగ్గర కూర్చోవడం. దాన్ని దానిలాగే చెయ్యి.

ఇక్కడ ఎండలు. సిస్టర్ గ్రెగోరియాకి భుజం నొప్పి, అందుకని గంట నేనే కొడుతున్నాను. పక్క వీధివాళ్ళు గంట ఈమధ్య తడబడుతోందన్నారట. మిగతా అంతా మామూలే.

ఒక ప్రశ్న. అంత ఇరుకులో, ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలేంత దగ్గరలో, ముక్కూమొహం తెలియనివాళ్ళు రోజంతా ఎలా సర్దుకుంటారు? పోట్లాడుకోరా? కొత్తగా వచ్చినవాళ్ళు ఏం చేస్తారు? వివరంగా రాయి. సిస్టర్ యూఫ్రాసియా తెలుసుకోవాలంటోంది.

నా తమ్ముణ్ణి టోపీ పెట్టుకోమను. బట్టతల మీద ఎండ మంచిది కాదు.

మదర్ తెయొదోరా

*

బెనిడోర్మ్,
జూలై 29

గౌరవనీయులైన మదర్ పెద్దమ్మకి,

సిస్టర్ యూఫ్రాసియా గారి ప్రశ్నకి నాకు తోచింది రాస్తాను. ఆవిడ అడిగాక గమనించడం మొదలుపెట్టాను. అంతకుముందు నేను జనాన్ని చూడకుండా జనంలో ఉండేదాన్ని.

కొత్తగా వచ్చినవాళ్ళు గొడుగు పాతేముందు పక్కవాళ్ళకేసి చూసి పలకరిస్తారు. ఆ ఒక్క మాట పలికినవాళ్ళకి అందరూ కాస్త జరుగుతారు. పలకనివాళ్ళకి రోజంతా ఇసుక తగులుతూనే ఉంటుంది. కాసేపయ్యాక ఎవరో ఒకరు, మా సంచీ చూస్తూండండి, స్నానం చేసొస్తాం అంటారు. అంతే, ఇక పరిచయస్థులైపోయినట్టే. మధ్యాహ్నం పుచ్చకాయ కోస్తే పక్క గొడుగుకి ఒక ముక్క వెళ్తుంది. పోట్లాటలూ ఉన్నాయి, కానీ ఎక్కువగా మొగుడూపెళ్ళాల మధ్యనే.

కుర్చీల కాపలా సాగుతోంది. మొదట్లో నా పుస్తకం నేను చదువుకునేదాన్ని. బెగోన్యా గారు కాఫీ తాగడానికి ఇంటికి పోవడం మానేసి, ఫ్లాస్కు తెచ్చుకుని నా పక్కనే కూర్చోవడం మొదలుపెట్టారు. కళ్ళకి శుక్లాలు. ఏం చదువుతున్నావే అని అడిగారు. పునీతుల చరిత్రండీ అన్నాను. పైకి చదువు అన్నారు. చదివాను. కొంతసేపు విని, "ఈ పిల్ల ఎప్పుడు చస్తుందే? పొద్దుట్నించీ హింసిస్తూనే ఉన్నారు," అన్నారు.

ఒడ్డునే పుస్తకాల గుడిసె ఒకటుంది. ఊరి లైబ్రరీ వాళ్ళది, స్నానాలకి వచ్చినవాళ్ళు తీసుకుని చదివి తిరిగిచ్చేస్తారు. అక్కణ్ణించి ఒక నవల తెచ్చాను. ఓడ కెప్టెన్‌ని ప్రేమించిన పంతులమ్మ కథ. ఇప్పుడు పొద్దున్నే నా చుట్టూ పది పన్నెండు మంది చేరుతున్నారు. నిన్న ఒకాయన, "ఆ కెప్టెన్ వెధవ తిరిగి రాడు, నాకు తెలుసు," అని కోపంగా లేచిపోయి, మళ్ళీ ఇవాళ అందరికన్నా ముందొచ్చి కూర్చున్నాడు.

మఠం సంగతి బెగోన్యా గారికి చెప్పాను. ఆవిడ ఫ్లాస్కులోంచి ఇంకో కప్పు కాఫీ వంపుకున్నారు. అది తాగాక, "వెళ్ళు, కానీ కొంచెం గట్టిగా మాట్లాడ్డం నేర్చుకుని వెళ్ళు. నీ గొంతు పక్క కుర్చీలో నాకే వినపడదు, ఇక పైనున్న ఆయనకేం వినపడుతుంది?" అన్నారు.

నా మనసు మారలేదు. అక్టోబరుకి ఏమేం తెచ్చుకోవాలో రాయండి. దుప్పట్లు అక్కడివేనా? పుస్తకాలు ఎన్ని తెచ్చుకోనిస్తారు? నాకిచ్చే గది కిటికీ తోట వైపా, వీధి వైపా?

మామయ్య టోపీ పెట్టుకుంటున్నాడు. దాని మీద బీరు కంపెనీ పేరుంది, మీకు ఫరవాలేదా?

ఎల్విరా

*

వాల్దెతేర్రా,
ఆగస్టు 13

ఎల్విరా,

ఉత్తరం అందింది. సంతోషం.

మొన్న పునీత క్లారా పండుగ జరుపుకున్నాం. ఈసారి బాదం బిళ్ళలు చేయలేదు. పొయ్యి సరిగా లేదు. జనం, మేం కనబడకుండా బిళ్ళలు అందించే తిరుగుడు కిటికీ దగ్గరకి వచ్చి, గంట కొట్టి, ఖాళీ చేతులతో వెళ్ళారు. కొందరు ఊరికే మాట్లాడి వెళ్ళారు.

సిస్టర్ గ్రెగోరియాని సోరియా ఆస్పత్రిలో ఉంచారు. బిషప్ గారి మనుషులు ఇద్దరొచ్చి తోటనీ, వసారాలనీ కొలిచి వెళ్ళారు. మర్యాదస్థులే.

సామాను సంగతి తరవాత చూద్దాం. తొందరేముంది.

కెప్టెన్ తిరిగి వచ్చాడా లేదా? సిస్టర్ యూఫ్రాసియా అడుగుతోంది. ఈసారి నిజంగా ఆవిడే.

మదర్ తెయొదోరా

*

బెనిడోర్మ్,
ఆగస్టు 27

పెద్దమ్మకి,

కెప్టెన్ వచ్చాడు. కానీ పంతులమ్మ అప్పటికి ఇంకో ఊరి బడికి వెళ్ళిపోయింది. కోపంగా లేచిపోయిన పెద్దమనిషి ఏడ్చాడు. ఎండ కళ్ళలో పడిందన్నాడు.

మరియమ్మ పండుగ నాడు జరిగింది రాయాలి. ఇప్పటికి చాలాసార్లు మొదలుపెట్టి చించేశాను.

ఆ రోజు ఒడ్డు మీద కాలు పెట్టే చోటు లేదు. మధ్యాహ్నం మామయ్య విరిగిన తొక్కుడు చక్రం కోసం అవతలి చివరికి వెళ్ళాడు. నేను ఒక తండ్రినీ, ఇద్దరు ఆడపిల్లల్నీ పడవ ఎక్కించి పంపాను. సారగోసా వాళ్ళు. కాసేపటికి గాలి తిరిగింది. కొండల వైపు నించి వచ్చే గాలి అది. ఒడ్డున ఉన్నవాళ్ళకి చల్లగా, హాయిగా ఉంటుంది, నీళ్ళ మీద తేలే ప్రతిదాన్నీ లోపలికి తోసుకుపోతుంది. మిగతా పడవలన్నీ తిరిగొచ్చాయి. వాళ్ళది రావట్లేదు. ఎంత తొక్కినా ఎదురుగా దూరాన ఉన్న దీవి వైపే పోతోంది. ఒడ్డు కాపలా వాళ్ళని చెయ్యి ఊపి పిలిచాను, వాళ్ళు మోటారు పడవ కోసం పరిగెత్తారు.

అంతలో ఆ తండ్రి లేచి నిలబడ్డాడు. లైఫ్ జాకెట్ విప్పాడు. చొక్కా కూడా విప్పాడు. నీళ్ళలోకి దూకి పడవని తోసుకొద్దామని అతని ఆలోచన. ఆ గాలిలో దూకితే పడవ పిల్లలతో సహా అతనికి అందకుండా పోతుంది. ఇది మామయ్య మొదటిరోజే నాకు చెప్పాడు.

పడవల్ని వెనక్కి పిలవడానికి మామయ్య దగ్గర చేతి మైకు ఒకటుంది. దాన్ని అంతవరకూ నేను ముట్టుకోలేదు. పిలవాల్సి వస్తే మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి చేతులూపేదాన్ని. ఆ రోజు దాన్ని ఎప్పుడు తీసుకున్నానో తెలియదు.

"దూకకండి! కూర్చోండి! మీ పిల్లల చేతులు పట్టుకోండి! పడవ వస్తోంది, దూకకండి!"

అదే మాట, మళ్ళీ మళ్ళీ. ఒడ్డంతా లేచి నిలబడింది. అతను నావైపు తిరిగాడు. చివరికి కూర్చున్నాడు. పెద్ద పిల్ల అతని మెడ చుట్టూ చేతులు వేసింది. మోటారు పడవ వాళ్ళని తాడు కట్టి లాక్కొచ్చింది. అతను దిగి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. జనం చప్పట్లు కొట్టారు. బెగోన్యా గారు మాత్రం, "ఇక నువ్వు వెళ్ళొచ్చే. ఆయనకేంటి, సముద్రం అవతల అల్జీరియాలో వాళ్ళక్కూడా వినపడి ఉంటుంది," అన్నారు.

నేను షెడ్డులోకి పోయి తలుపు వేసుకుని ఏడ్చాను. సిగ్గుతో కాదు. ఎందుకో నాకు తెలియదు. ఆ రాత్రి ప్రార్థన మరిచిపోయి నిద్రపోయాను. మర్నాడు ఆ సంగతి గుర్తొచ్చి భయపడ్డాను, భయం ఎక్కువసేపు నిలవలేదని ఇంకా భయపడ్డాను.

పెద్దమ్మా, దుప్పట్ల గురించి అడిగాను, జవాబు లేదు. కిటికీ గురించి అడిగాను, జవాబు లేదు. పండుగకి బాదం బిళ్ళలు చేయని ఏడాది నాకు గుర్తు లేదు. తోటని ఎందుకు కొలిచారు? అక్టోబరు దగ్గరకొచ్చింది, నేను ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. మీరేదో దాస్తున్నారు. దయచేసి చెప్పండి.

ఎల్విరా

*

వాల్దెతేర్రా,
సెప్టెంబరు 16

అమ్మాయీ,

నువ్వు అడిగావు కాబట్టి చెబుతాను.

ఈ మఠం మూసేస్తున్నారు. నవంబరు ఒకటిన సకల పునీతుల పండుగ వెళ్ళగానే మేం ఖాళీ చేయాలి. మేం నలుగురం మిగిలాం, అందులో ఒకరు ఆస్పత్రిలో. ఇంత తక్కువమంది ఉన్న ఇంట్లో కొత్తవాళ్ళని చేర్చుకోకూడదని పైనించి మాట వచ్చి చాలా రోజులైంది. నువ్వు చేరతానని వచ్చి నా ముందు నిలబడ్డ రోజుకే నాకా సంగతి తెలుసు.

మరి ఎందుకు చెప్పలేదంటావు. చెబితే నువ్వు మర్నాడే ఇంకో మఠం తలుపు వెతుక్కునేదానివి. నీకు దేవుడు కావాలో, తలుపు కావాలో నాకు అర్థం కాలేదు. బహుశా నీకూ తెలియదు. తలుపు లేదన్నందుకు ఆగిపోవడం వేరు, నీ అంతట నువ్వు నిలబడి ఆలోచించడం వేరు. అందుకని ఒక వేసవి అడిగాను. నీకు కోపం వస్తే రానీ, న్యాయమే.

ఇంకొకటి. జనంలో ఎలా సర్దుకుంటారని అడిగింది యూఫ్రాసియా కాదు, నేను.

మమ్మల్ని ముర్సియా దగ్గర ఒక పెద్ద మఠానికి పంపుతున్నారు. అక్కడ ముప్ఫై మందికి పైనే ఉన్నారట. కెన్యా వాళ్ళు, కేరళ వాళ్ళు, అందరూ చిన్నవాళ్ళు. వంటింట్లో పాటలు పాడతారట. నేను నలభై ఏళ్ళుగా ఒకే కిటికీలోంచి ఒకే గోడని చూసినదాన్ని. ఇక్కడ నా అడుగుల చప్పుడు వింటే చాలు, ఎటు వెళ్తున్నానో అందరికీ తెలుసు. అక్కడ నేను మదర్‌ని కాదు. బల్ల చివర కూర్చునే కొత్త ముసలమ్మని. వాళ్ళతో ఏం మాట్లాడాలో, మొదటిరోజు ఎటు చూడాలో తెలియదు. ఈ మాట ఒప్పుకోలు వినే ఫాదర్‌కి కూడా చెప్పలేదు. ఇది పాపం కాదు కదా, ఏమని చెప్పను.

భయంగా ఉంది, ఎల్విరా.

నీ పెద్దమ్మ

*

బెనిడోర్మ్,
సెప్టెంబరు 25

ప్రియమైన పెద్దమ్మకి,

మీ ఉత్తరం సోమవారం అందింది. నేను రావట్లేదని మామయ్యకి ఆదివారమే చెప్పాను. ఈ వరస మీరు నమ్మాలి. కావాలంటే ఆయన్ని అడగండి. తలుపు మూసేస్తున్నారని తెలియకముందే, తెరిచే ఉందనుకుంటూనే, నేను నా అంతట నేనే ఆగాను.

దేవుడితో నాకు తగువేమీ లేదు. పొద్దున్నే పూజకి వెళ్తున్నాను, మర్చిపోయిన ప్రార్థనలు కూడా చేస్తున్నాను. కానీ నేను మఠంలో కోరుకున్నది ఎవరూ నన్ను పలకరించని చోటు. అలాంటి కోరికతో వచ్చి ఉంటే మీ నలుగురికీ కూడా నేను బరువయ్యేదాన్ని. మీమీద కోపం వచ్చింది. ఒక పూట ఉంది. తరవాత మీ ఉత్తరం మళ్ళీ చదివి చివరి మాట దగ్గరికి వచ్చేసరికి ఎక్కడ పోయిందో పోయింది.

పుస్తకాల గుడిసె నడిపే ఆవిడకి నెలలు నిండుతున్నాయి. చలికాలమంతా ఊరి లైబ్రరీలో ఆవిడ పని చూస్తావా అని అడిగారు, ఒప్పుకున్నాను. వేసవి జనం వెళ్ళిపోయినా ముసలివాళ్ళు ఇక్కడే ఉంటారు. మధ్యాహ్నాలు ఒడ్డున జంటలుగా డాన్సు చేస్తారు. బెగోన్యా గారు నన్ను కూడా లాగారు. ఆవిడ కాళ్ళు తొక్కాను. "దొంగతనమే నయం, అందులో పద్ధతుండేది," అన్నారు.

ఇక మీ సంగతి. నాకు చెప్పేంత వయసు లేదు, కానీ వినండి. మొదటిరోజు ఎవరో వచ్చి పలకరిస్తారని ఎదురుచూడకండి. వాళ్ళు చిన్నవాళ్ళు, మీకే భయపడుతుంటారు. మీరే ఎవరినో ఒకరిని చిన్న సాయం అడగండి. సూదిలో దారం ఎక్కించమనండి, అది చాలు. సాయం చేసినవాళ్ళు మిమ్మల్ని మర్చిపోరు. వాళ్ళు పాడుతుంటే మీకు నచ్చకపోయినా వంటింట్లోంచి వెళ్ళిపోకండి, బఠాణీలు ఒలుస్తూ అక్కడే కూర్చోండి. నేను కూర్చుని కూర్చునే నేర్చుకున్నాను.

మీరు ఒంటరిగా వెళ్ళరు. మామయ్య వ్యాను తీసుకొస్తాడు, నేను ముందే వచ్చి సామాను సర్దుతాను. ఇక్కడ ఒక పూట ఆగి వెళ్ళడానికి అనుమతి అడగండి. నడవలేనివాళ్ళని నీళ్ళలోకి తీసుకెళ్ళే తేలే కుర్చీలున్నాయి. సిస్టర్ యూఫ్రాసియా గారికి సముద్రం చూపించాలని మామయ్య పట్టుబట్టాడు. ఆయనకి ఇదంతా చెప్పినప్పుడు పక్కనున్న పడవని జారుడుబల్లతో సహా తుడిచాడు. తరవాత, "మా అక్కకి భయమా? చిన్నప్పుడు మేమంతా దానికి భయపడేవాళ్ళం," అన్నాడు.

ప్రేమతో,
ఎల్విరా

*

ముర్సియా,
నవంబరు 30

ఎల్విరా తల్లీ,

నువ్వూ, ఫెర్మినూ మమ్మల్ని ఇక్కడ దింపి వెళ్ళిపోయాక మొదటి వారం నేను గోడల వెంబడే నడిచాను. ఇక్కడి వసారాలు ఎటు తిరిగినా ఇంకో వసారాలోకే పోతాయి. ఒకసారి ప్రార్థనకి బయల్దేరి బట్టలుతికే గదిలో తేలాను.

యూఫ్రాసియా సుఖంగా ఉంది. నీళ్ళలో ఆ కుర్చీ తేలినప్పుడు తను వేసిన కేక గురించి వచ్చినవాళ్ళకల్లా చెబుతోంది. ప్రతిసారీ కేక పెద్దదవుతోంది. గ్రెగోరియా భుజం నయమై, కెన్యా పిల్లలకి బాదం బిళ్ళలు నేర్పుతోంది. పంచదార తగ్గించమని వాళ్ళు ఆవిడకి నేర్పుతున్నారు.

నేను దారం ఎక్కించమని అడగలేదు. నాకు కళ్ళు బాగానే కనిపిస్తాయి, అబద్ధం ఎందుకని. కేరళ నుంచి వచ్చిన ఒక చిన్న సిస్టర్‌ని మాత్రం, ఆమె పేరు లీలామ్మ, మీ ఊళ్ళో చలికాలం ఎలా ఉంటుందని అడిగాను. ఉండదట. అసలు ఉండదా అన్నాను. ఆ పిల్ల నవ్వి, వానలు ఎలా కురుస్తాయో, పడవలో బడికి ఎలా వెళ్ళేదో చెప్పడం మొదలుపెట్టింది. నేను సోరియాలో మంచు కిటికీ దాకా పేరుకోవడం చెప్పాను. బకెట్లో నీళ్ళు గడ్డకట్టడం చెప్పాను. నా చిన్నప్పుడు మీ మామయ్యని ఆ మంచులో ఎలా పూడ్చానో కూడా చెప్పాను. మౌనవేళ గంట ఎప్పుడు కొట్టారో ఇద్దరం వినలేదు.

ఇవాళ ఉదయం ఇక్కడి మదర్ పిలిపించారు. నా కన్నా ముప్ఫై ఏళ్ళు చిన్నది. చాలా మెత్తగా, తలవంచుకుని, మౌనవేళలో మాట్లాడకూడదని మీకు నేను చెప్పాల్సి రావడం ఇబ్బందిగా ఉంది సిస్టర్, అంది.

నలభై ఏళ్ళలో నన్ను మందలించడం ఇదే మొదటిసారి. క్షమాపణ అడిగి బయటికి వచ్చాను. వసారా చివర లీలామ్మ నిలబడి ఉంది. ఆ పిల్లకీ అదే శిక్ష పడింది. ఇద్దరం సాయంత్రం కలిసి గిన్నెలు తోమాలట.

పెద్దమ్మ